మేకపిల్లకు బడిలో చోటుందా?

మట్టెవాడ అంటే వరంగల్ నగరంలో ఉన్నవాళ్ళకు పాతబస్తీలో ఒక పేట. మనకు మాత్రం అది గూడూరు మండలంలో, అడవి అంచున ఉన్న ఊరు. 2016లో జిల్లాలు విడిపోయేదాకా వరంగల్ జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. కోయగూడేలు, లంబాడీ తండాలు, నాయకపోడు ఇండ్లు ఉన్న ప్రాంతం ఇది. ఇటువైపు పిల్లలు బడికి ఒంటరిగా రారు. వెనకాల కుక్క వస్తుంది. తల్లి చనిపోయిన మేకపిల్ల వస్తుంది. ఒక్కోసారి చొక్కా జేబులో ఉడుతపిల్ల కూడా వస్తుంది.

పిల్లలు బతికున్న జంతువులను బడికి తేవచ్చా అని టీచర్లు మమ్మల్ని అడుగుతుంటారు. అవునో కాదో చెప్పేముందు, మన పిల్లలకూ జంతువులకూ బడికీ మధ్య ఇన్నాళ్ళు ఏం జరిగిందో ఒకసారి చూద్దాం.

బడి లేని కాలంలో మంద దగ్గరే చదువు. కోడి పొదిగితే ఇరవై ఒక్క రోజులకు పిల్లలు వస్తాయని, మేక చూడి కడితే ఐదు నెలలకు ఈనుతుందని మన పిల్లలు లెక్క నేర్చుకున్నది అక్కడే. లంబాడీల తాతలు ఎద్దుల మందల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశమంతా తిరిగారు. రైళ్ళు, బండ్ల బాటలు వచ్చాక ఆ బతుకుదెరువు పోయింది. పశువుతో ఉన్న చుట్టరికం మాత్రం పోలేదు. గోండుల లింగో కథలో ఏరు దాటలేక చిక్కుకున్నవాళ్ళను మొసలి మోసం చేస్తే, తాబేలు వీపు మీద మోసి ఒడ్డుకు చేరుస్తుంది. అందుకే తాబేలుకు హాని చేయమని వాళ్ళు మాట ఇస్తారు. జంతువును కాపాడాలన్న మాట చట్టం కంటే ముందే మన కథల్లో ఉంది.

ఇక అడవి సంగతి. పాకాల చెరువు 13వ శతాబ్దంలో, కాకతీయ గణపతిదేవుని కాలంలో కట్టింది. నిజాం పాలన నాటికి ఆ చుట్టుపక్కల అడవి పెద్దమనుషుల షికారు చోటు. పులిని తుపాకీతో కొట్టి ఫొటో దిగినవాడిని ఎవరూ తప్పు పట్టలేదు. 1952లో పాకాల వన్యప్రాణి అభయారణ్యం అయింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఈ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టుకోవడం, ఉచ్చు వేయడం కూడా వేటే. పక్షుల గూళ్ళను, గుడ్లను కదిలించినా వేట కిందికే వస్తుంది. ఆ చట్టం అవసరమే. షికారు చేసినవాళ్ళ కాలం పోయింది, అడవిలో మిగిలింది కొద్దే. కానీ ఆ కొద్దిని కాపాడే బరువు ఎక్కువగా మన ఇండ్ల మీదే పడింది.

బడి సంగతి ఇంకో తీరు. 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ పూనికతో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి భాషలోనే వాచకాలు తయారయ్యాయి. కోడిని ‘కొర్’ అని, కుక్కను ‘నై’ అని ఇంట్లో పలికే పిల్లకు ఆ మాటలే పుస్తకంలో కనిపించడం చిన్న సంగతి కాదు. తర్వాత ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి. అన్నం దొరికింది, చదువు దొరికింది. మంద మాత్రం గూడెంలోనే ఉండిపోయింది. సెలవులకు ఇంటికి పోతే తను పెంచిన మేక సంతలో అమ్ముడుపోయి ఉండేది. ఆ ఏడుపు మాలో చాలామందికి తెలుసు.

మాలో ఒకరి అనుభవం చెప్పాలి. మూడో తరగతిలో ఉండగా, గాలివానకు చెట్టు తొర్ర నుంచి జారిపడ్డ చిలుకపిల్లను బుట్టలో పెట్టి బడికి తెచ్చాడు. దాన్ని బతికించే ఉపాయం సారుకు తెలుస్తుందనుకున్నాడు. సారు “ఇది నేరం, జైలుకు పోతావు” అని కేకలేసి, బుట్టను బయట బోర్లించాడు. రెక్కలు రాని పిల్ల. మధ్యాహ్నానికల్లా కాకులు పొడిచి చంపాయి. పిల్లవాడు నెల రోజులు బడికి రాలేదు. సారు చెప్పిన చట్టం నిజమే. చిలుకను పట్టి పెంచడం తప్పే. కానీ ఆ రోజు చిలుకపిల్లా బతకలేదు, పిల్లవాడి చదువూ నిలవలేదు.

ఇందులో ఇంకో వింత ఉంది. అదే పిల్లవాడు పెద్దయి జువాలజీ చదివితే, ప్రయోగశాలలో కప్పను కోసి చూపమన్నారు. అప్పుడు బతికున్న జీవిని తెప్పించింది చదువే. 2014లో యూజీసీ డిగ్రీ, పీజీ తరగతుల్లో జంతువులను కోయడం ఆపమంది. అంటే జీవాలతో ఎలా మెలగాలో చదువుకున్నవాళ్ళు కూడా మెల్లగానే నేర్చుకున్నారు. మన పిల్లలను మాత్రం ఒక్క రోజులో నేర్చుకోమంటే ఎట్లా?

ఎన్‌సీఈఆర్‌టీ ఐదో తరగతి పరిసరాల విజ్ఞానం పాత పుస్తకంలో పాములవాళ్ళ పాఠం ఒకటి ఉండేది. కాల్‌బేలియా బిడ్డ తన తాతల విద్య గురించి, పాములను పెట్టుకోవద్దన్న చట్టంతో తమ బతుకుదెరువు పోవడం గురించి అందులో చెబుతాడు. చట్టం ఎందుకు కావాలి, దానివల్ల ఎవరికి ఏం పోయింది అనే రెండూ పిల్లల ముందు పెట్టిన పాఠం అది. మన బడిలోనూ మాట ఇట్లాగే నడవాలి.

కాబట్టి మా మాట ఇది. అడవి జీవాలను బడికి తేవద్దు. చిలుక, ఉడుము, అలుగు, నక్షత్ర తాబేలు, పాము, ఏదైనా సరే. దెబ్బ తగిలింది కనిపిస్తే తాకకుండా పెద్దవాళ్ళకు చెప్పాలి, టీచరు బీట్ ఆఫీసరుకు కబురు పెట్టాలి. తెలియక పిల్లలు తెచ్చేస్తే భయపెట్టొద్దు. ముందు దాన్ని నీడలో పెట్టి, కాకులు, కుక్కలు దగ్గరికి రాకుండా చూసి, తర్వాత ఎందుకు తేవద్దో చెప్పాలి.

ఇంటి జీవాలు వేరు. మేకపిల్ల, కోడి ఒక పూట రావచ్చు. ఇంటి పెద్ద ఒకరు తోడు రావాలి. నీడ, నీళ్ళు ఉండాలి. ముట్టుకున్న పిల్లలంతా చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కుక్కకు రేబిస్ టీకా వేయించకుండా పిల్లల మధ్యకు రానివ్వొద్దు. ఏ కుక్క కరిచినా వెంటనే గాయాన్ని సబ్బునీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి, ఆసుపత్రిలో సూది వేయించాలి. వీటన్నిటికంటే మంచి దారి, తరగతినే కొట్టం దగ్గరికి తీసుకుపోవడం. జీవం తన చోట తను ఉంటుంది. ఆ రోజు పాఠం మేకలు కాసే అవ్వ చెబుతుంది, టీచరు పిల్లలతో కలిసి కూర్చొని వింటారు.

చివరగా, అసలు మాట. మేకపిల్లతో వచ్చిన పిల్లను వాకిట్లో నుంచే తిప్పి పంపొద్దు. ఇంట్లో దాన్ని చూసేవాళ్ళు లేక తెచ్చి ఉంటుంది. ఈ రోజుకు చెట్టుకు కట్టేయండి, పిల్లను లోపల కూర్చోబెట్టండి, సాయంత్రం తల్లితో మాట్లాడండి. మేక బడికి వచ్చిందని బాధపడేకంటే, మేకల వెంట పోయి బడికి రాని పిల్ల ఎవరో చూడండి.