అమెరికాలో 43 రోజులు, తెలంగాణలో 42 రోజులు: సర్కారు బందైతే ఎవరికి నొప్పి?

2025 అక్టోబర్ 1 నుంచి నవంబర్ 12 దాకా అమెరికా ప్రభుత్వం బందైంది. మొత్తం 43 రోజులు. ఖర్చుల బిల్లు మీద అక్కడి రెండు పార్టీలకు పొత్తు కుదరలేదు. విమానాలకు దారి చూపే కంట్రోలర్లు జీతం లేకుండానే డ్యూటీ చేసిన్రు. పేదలకిచ్చే ఆహార సాయం నవంబర్‌లో ఆగమాగమైంది. అక్కడున్న మనోళ్లు ఫోన్ చేసినప్పుడు 'షట్‌డౌన్' అన్న మాట మీరు వినే ఉంటరు.

మరి మన దగ్గర అట్ల ఎందుకు కాదు? అసెంబ్లీ ఒప్పుకోకుండా ఖజానా నుంచి పైసా తీయొద్దన్న రూల్ మనకూ ఉంది. కానీ బడ్జెట్ ఆలస్యమైతే కొన్ని నెలల ఖర్చుకు ముందే అనుమతి తీసుకోవచ్చు. దాన్నే ఓటాన్ అకౌంట్ అంటరు. ఇక సభలో బడ్జెట్టే ఓడిపోతే ఆఫీసులకు తాళం పడదు, ముఖ్యమంత్రి కుర్చీ దిగాలె. అందుకే ఇక్కడ ఆ తొవ్వల షట్‌డౌన్ రాదు.

కానీ ఇంకో తొవ్వల వచ్చింది, కింది నుంచి. అదే 2011 సకల జనుల సమ్మె. ఇది చూస్తున్నోళ్లల్ల చానా మంది అప్పుడు చిన్న బడిల ఉండి ఉంటరు.

వెనక కథ చూద్దాం. 2009 డిసెంబర్ 9న తెలంగాణ ఏర్పాటు మొదలుపెడతామని కేంద్రం ప్రకటించింది. రెండు వారాలకే వెనక్కి తగ్గింది. తర్వాత శ్రీకృష్ణ కమిటీ వేసింది, అయినా తేలలేదు. 2011 సెప్టెంబర్ 13న సమ్మె మొదలైంది. ప్రొఫెసర్ కోదండరాం జేఏసీ ఛైర్మన్. ఉద్యోగుల తరఫున స్వామిగౌడ్ ముందున్నరు. ముఖ్యమంత్రి కిరణ్ కుమార్ రెడ్డి. ఆఫీసులు ఆగినయ్. సింగరేణిలో బొగ్గు ఆగింది. బడులు, ఆర్టీసీ బస్సులు కూడా ఆగినయ్.

ఇప్పుడు సిరికొండ లాంటి మండలంలో ఉన్నట్టు అనుకోండి. కాలేజీకి ఆదాయం సర్టిఫికెట్ కావాలె, తహసీల్ ఆఫీసు బందు. నిజామాబాద్ దవాఖానకు పోవాలె, బస్సు లేదు, ఆటోవాడు అడిగినంత ఇయ్యాలె. బొగ్గు లేక కరెంటు కోతలు. అప్పట్లో వ్యవసాయానికి ఇచ్చేదే ఏడు గంటల ఉచిత కరెంటు, అది కూడా సరిగ్గ రాలేదు. బోరు కింద వరి పొట్ట మీదుండే టైం అది. సమ్మె వల్లనే కోతలని సర్కారు, తప్పంతా సర్కారుదేనని ఉద్యమం. ఎవరి మాట నిజమైనా, ఎండేది మాత్రం రైతు మడి.

ఉద్యోగులకూ తక్కువ నొప్పి కాలేదు. పని లేకపోతే జీతం లేదని సర్కారు అన్నది. అక్టోబర్ 6న దసరా. పండుగ పూట జీతం రాని ఇల్లు ఎట్లుంటదో ఆలోచించండి. అయినా రోడ్ల మీద వంటావార్పు పెట్టిన్రు, బతుకమ్మ ఆడిన్రు. అక్టోబర్ నడుమ నుంచి ఒక్కొక్కరు సమ్మె వాయిదా వేసుకుంట వచ్చిన్రు. అక్టోబర్ 24న, దీపావళికి రెండు రోజుల ముందు, ఉద్యోగులు కూడా వాయిదా వేసిన్రు. 42 రోజులు.

అంటే ఓడిపోయినట్టేనా? అప్పుడైతే చేతికి ఏమీ రాలేదు. రాష్ట్రం వచ్చింది 2014 జూన్ 2న. కానీ ఆ సమ్మెను పక్కనబెట్టి ఆ రోజు గురించి ఎవరూ మాట్లాడలేరు.

ఇక్కడ ఒక మలుపుంది. 2019 అక్టోబర్ 5న, మన సొంత రాష్ట్రంలోనే, ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగిన్రు. 52 రోజులు నడిచింది. పనిలోకి రానోళ్లు తమ ఉద్యోగం తామే పోగొట్టుకున్నట్టేనని ముఖ్యమంత్రి కేసీఆర్ అన్నరు, చివరికి మళ్లా తీసుకున్నరు. 2011ల సమ్మె చేయమన్న నాయకుడే కుర్చీ ఎక్కినంక సమ్మెను వేరే కళ్లతో చూసిండు. ఇది ఒక్క మనిషి సంగతి కాదు. కుర్చీ ఏ పార్టీకి దొరికినా బందు మీద మాట మారుతది.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్త. ఆఫీసు బందైతే ఏదో ఒకరోజు తెరుస్తరు. బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం కాలంల, 1930లల్ల పెట్టిన చక్కెర ఫ్యాక్టరీ చూడండి. 2002ల ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్‌లో లేఆఫ్ ప్రకటించిన్రు. తెరిపిస్తమని ఎన్నికల్ల ఎన్నోసార్లు విన్నం. కార్మికులు జీతం బాకీల కోసం తిరిగిన్రు. చెరుకు రైతులు దూరం ఫ్యాక్టరీలకు తోలిన్రు, లేకపోతే వరికి మారిన్రు. దానికి 42 రోజులు, 43 రోజులు అని లెక్క లేదు.

అందుకే ఎక్కడ బందన్నా మూడు ప్రశ్నలు అడగండి. ఆపింది ఎవరు? నష్టం మోసేది ఎవరు? తెరిచే తేదీ ఎవరి చేతిల ఉంది? ఆపినోళ్లు, మోసేటోళ్లు ఒక్కరే అయితే అది త్యాగం. వేరేవేరే అయితే లెక్క అడగాల్సిందే. సకల జనుల సమ్మెలో రెండూ కలిసే ఉన్నయ్, అందుకే అది ఇంత గుర్తుంది.

ఇయ్యాల ఇంట్ల అమ్మనో నాన్ననో అడగండి, ఆ 42 రోజులు ఎట్ల ఎల్లదీసిన్రని. వాళ్లు చెప్పింది కామెంట్ల రాయండి. మళ్లా కలుద్దాం.