చూస్తూ చదువు నేర్పే అక్షరపంక్తి

హోసూరు, బళ్లారి, బరంపురం ప్రాంతాల తెలుగు కుటుంబాలలో తెలుగు మాట్లాడగలిగినా చదవలేని పిల్లలు అనేకులు. వారికి బడిలో అలవడునది ఆయా రాష్ట్రాల లిపి. తమిళనాడులో 2006 నాటి చట్టం ఒకటవ తరగతి మొదలుకొని దశలవారీగా తమిళాన్ని తప్పనిసరి చేసినది. ఇట్టి పిల్లలకు ఉపకరించు దృశ్యసాధనం ‘అదే భాషలో ఉపశీర్షిక’.

ఈ పద్ధతిలో పాట ఏ భాషలో వినబడునో, ఆ భాషాలిపిలోనే దాని సాహిత్యం తెర అడుగున కనబడును; పలుకుచున్న మాట రంగు మారుచుండును. దీనిని 1996లో అహ్మదాబాదు ఐ.ఐ.ఎం.కు చెందిన బ్రిజ్ కొఠారి రూపొందించినారు. 1999లో గుజరాతీ సినీగీతాల కార్యక్రమంలోను, 2002లో జాతీయ దూరదర్శన్ ‘చిత్రహార్’లోను ఇది అమలైనది.

పాట ముందే నోటికి వచ్చియుండుటచే, చెవి విన్న శబ్దాన్ని కన్ను అక్షరంతో జతపరచుకొనును. అయితే ఓనమాలు బొత్తిగా రాని పిల్లలకు పంక్తి వేగం అందదు. కావున తొలుత అక్షరమాల నేర్పవలెను. పిదప ఒకే పాటను పలుమార్లు చూపి, ఆపైన శబ్దం తగ్గించి చదివించి, చివరకు రెండు పంక్తులు వ్రాయించవలెను. యంత్రం తానుగా కూర్చు పంక్తులలో తప్పులు దొర్లును గనుక, తెలుగు చదువనేర్చిన పెద్దలు వాటిని ముందుగా సరిచూచుట అవసరం.