ఇంగ్లాండ్ క్రికెట్: డబ్బుకి కొదవలేదు, దారే ఇరుకు

ఎం.ఎస్సి. చదవటానికి ఇంగ్లాండు వచ్చిన కొత్తల్లో నాకొక భ్రమ ఉండేది. క్రికెట్ పుట్టిన దేశం కదా, బస్సులో, ఆఫీసులో, ఎక్కడ చూసినా స్కోరు కబుర్లే వినిపిస్తాయని! ఉద్యోగంలో చేరాక ఒక టెస్టు మ్యాచ్ రోజున పక్క సీటులోని ఇంగ్లీషు కుర్రాణ్ణి "స్కోరెంత?" అని అడిగాను. "ఇవాళ మ్యాచ్ ఉందా?" అని నన్నే ఎదురడిగాడు. ఫుట్‌బాల్ సంగతి కదిపితే మాత్రం అరగంట ఆపకుండా చెప్పాడు. అందులో అతని తప్పేమీ లేదని తర్వాత తెలిసింది. ఎందుకో చెప్పటానికే ఈ వ్యాసం.

మనం సాధారణంగా జాతీయ జట్టు గెలుపోటముల్ని బట్టే ఆట పరిస్థితిని అంచనా వేస్తాం. ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. ఇంగ్లాండు పురుషుల జట్టు 2019లో వన్డే ప్రపంచకప్పు, 2022లో టీ20 ప్రపంచకప్పు గెలిచింది. అదే జట్టు 2023 వన్డే ప్రపంచకప్పులో తొమ్మిది మ్యాచ్‌లలో ఆరు ఓడి ఏడో స్థానంతో సరిపెట్టుకుంది. 2025-26 యాషెస్‌లో ఆస్ట్రేలియా చేతిలో 4-1తో ఓడింది. గెలుపోటములు వస్తూ పోతూ ఉంటాయి. ఆట నిలబడుతుందా లేదా అన్నది తెలియాలంటే కొత్త పిల్లలు ఏ దారిన వస్తున్నారో చూడాలి.

కౌంటీల కథ

ఇక్కడి క్రికెట్‌కి పునాది 18 కౌంటీలు. కౌంటీ ఛాంపియన్‌షిప్ అధికారికంగా మొదలయింది 1890లో. ఆఖరున చేరిన డర్హమ్‌కి 1992లో ఫస్ట్‌క్లాస్ హోదా వచ్చింది. 2000 నుంచి పోటీని రెండు డివిజన్లు చేశారు. వీటిలో చాలా కౌంటీలు సభ్యుల సొత్తు. అంటే ఏటా చందా కట్టే మామూలు మనుషులకి ఓటు హక్కు ఉంటుంది. మన సహకార సంఘాల లాంటివన్నమాట.

ప్రపంచాన్ని ఊపేసిన ట్వంటీ20 పుట్టింది కూడా ఈ కౌంటీలలోనే, 2003లో. అయితే పొట్టి క్రికెట్ పెరిగేకొద్దీ నాలుగు రోజుల మ్యాచ్‌లు వేసవి మధ్య నుంచి జరిగిపోయి ఎక్కువగా ఏప్రిల్, మే, సెప్టెంబరు నెలల్లో పడ్డాయి. చలికీ తేమకీ బంతి దానంతటదే కదులుతుంది. మీడియం పేసర్లకి వికెట్లు దొరుకుతాయి. అసలైన వేగం ఉన్నవాడికీ, స్పిన్నరుకీ పని తగ్గుతుంది. తర్వాత ఆస్ట్రేలియాలోనో, ఇండియాలోనో ఎండు పిచ్ మీద అటువంటి బౌలర్లే కావలసివస్తారు. అప్పటికప్పుడు ఎక్కణ్ణుంచి తెస్తారు?

టీవీలో కనపడని ఆట

2005 యాషెస్ ఛానెల్ 4లో ఉచితంగా వచ్చింది. ఒక దశలో 84 లక్షల మంది చూశారు. ఆ మరుసటి ఏడాది నుంచి ప్రత్యక్ష ప్రసారం మొత్తం డబ్బు కట్టి చూసే స్కై ఛానెల్‌కి వెళ్ళిపోయింది. 2009లో ఇంగ్లాండు మళ్ళీ యాషెస్ గెలిచింది. కానీ ఈసారి స్కైలో చూసినవాళ్ళు గరిష్ఠంగా 20 లక్షలు కూడా దాటలేదు.

స్కై డబ్బు వృథా పోయిందని అనలేం. ఆటగాళ్ళ కాంట్రాక్టులకీ, మైదానాలకీ, మహిళల క్రికెట్‌కీ ఆ డబ్బే ఊపిరి పోసింది. పోయిందల్లా అలవాటు. టీవీలో చూడని ఆటని పిల్లవాడు వీధిలో ఆడడు. మా ఆఫీసు కుర్రాడు ఆ తరంవాడే.

బడి, మైదానం

ఇంగ్లాండులో ఫీజు కట్టి ప్రైవేటు బడుల్లో చదివే పిల్లలు సుమారు 7 శాతం. 2021లో ఇంగ్లాండు తరఫున ఆడిన పురుషులలో మాత్రం 58 శాతం ప్రైవేటు బడుల నుంచి వచ్చినవాళ్ళే. ప్రైవేటు బడికి మంచి పిచ్, నెట్స్, వేతనం మీద కోచ్ ఉంటారు. చాలా ప్రభుత్వ బడులకి ఇవేవీ లేవు. 2005లో మొదలయిన 'ఛాన్స్ టు షైన్' అనే సంస్థ ప్రభుత్వ బడులకి క్రికెట్‌ని తీసుకువెళ్తోంది. ఆ పని మెచ్చుకోదగ్గదే, కానీ లోటు పెద్దది.

2023 జూన్‌లో ఒక స్వతంత్ర కమిషన్ ఇచ్చిన నివేదిక ఈ విషయాలన్నీ మొహమాటం లేకుండా చెప్పింది. ఆటలో జాతి వివక్ష, స్త్రీల పట్ల చిన్నచూపు, వర్గభేదం వేళ్ళూనుకుని ఉన్నాయని తేల్చి 44 సిఫార్సులు చేసింది. ఈటన్, హారో అనే రెండు ప్రైవేటు బడులు లార్డ్స్ పేరు మీద 1805లోనే మ్యాచ్ ఆడాయి. ఆ నివేదిక వచ్చేనాటికి ఇంగ్లాండు మహిళల జట్టు లార్డ్స్‌లో ఒక్క టెస్టు కూడా ఆడలేదు. ఈ ఒక్క పోలికతో విషయం అర్థమవుతుంది.

హండ్రెడ్, కొత్త యజమానులు

జనాన్ని మళ్ళీ రాబట్టటానికి బోర్డు 2021లో 'ది హండ్రెడ్' మొదలుపెట్టింది. ఇన్నింగ్స్‌కి వంద బంతులు, ఎనిమిది నగర జట్లు. పురుషుల, మహిళల మ్యాచ్‌లు ఒకే రోజు ఒకే మైదానంలో పెట్టడం దీని అసలు విజయం. 2025లో ఈ జట్లలో వాటాలు అమ్మితే 50 కోట్ల పౌండ్లకు పైగా వచ్చాయి.

కొన్నవాళ్ళలో ఐ.పి.ఎల్. యజమానులున్నారు. సన్‌రైజర్స్ హైదరాబాద్ యజమానులు లీడ్స్ జట్టుని పూర్తిగా కొన్నారు. రాజాంలో మూలాలున్న మన జి.ఎం.ఆర్. గ్రూపు సదరన్ బ్రేవ్‌లో వాటా తీసుకుంది. అంతకు ముందే, 2024లో, హాంప్‌షైర్ కౌంటీని కొనటానికి ఒప్పందం చేసుకుంది. శంషాబాద్ విమానాశ్రయం కట్టినవాళ్ళు ఇంగ్లీషు కౌంటీకి యజమానులవుతారని ఇరవై ఏళ్ళ క్రితం ఎవరైనా అని ఉంటే నవ్వుకునేవాళ్ళం!

ఈ డబ్బులో ఎక్కువ భాగం కౌంటీలకి వెళ్తుంది. పదోవంతు ఊళ్ళ క్లబ్బుల క్రికెట్‌కి కేటాయించారు. నా దృష్టిలో భవిష్యత్తు ఆ పదోవంతులోనే ఉంది.

మనవాళ్ళ సంగతి

ఏ ఆదివారమైనా ఇక్కడి పార్కుల్లోకి వెళ్ళి చూడండి. సగం జట్లలో మనవాళ్ళే. సరదాకి ఆడేవాళ్ళలో దాదాపు మూడోవంతు దక్షిణాసియా మూలాలున్నవారని 2018లో బోర్డే ఒప్పుకుంది. కౌంటీ ఆటగాళ్ళలో మాత్రం వాళ్ళు 4 శాతమే. మధ్యలో మిగతావాళ్ళు ఏమవుతున్నారు?

నాకు తెలిసిన ఒక తెలుగువారి అబ్బాయి ఒక కౌంటీ పిల్లల జట్టుకి ఎంపికయ్యాడు. శిక్షణ ఫీజు, కిట్, వారాంతాల్లో గంటల తరబడి కారు ప్రయాణాలు. తండ్రిది ఐ.టి. ఉద్యోగం కాబట్టి తట్టుకున్నాడు. టాక్సీ నడిపే తండ్రి అయితే? పద్నాలుగు, పదిహేనేళ్ళకి అకాడమీ కంటపడకపోతే ఆ తర్వాత దారి దొరకటం కష్టం.

ఇక్కడ నాకు సిరాజ్ గుర్తొస్తాడు. హైదరాబాద్ ఆటోడ్రైవరు కొడుకు. టెన్నిస్ బాల్‌తో ఆడుతూ పెరిగి, ఇరవై దాటాక రంజీ ఆడాడు. 2025 ఆగస్టు 4న ఓవల్‌లో చివరి వికెట్ తీసి ఇండియాని 6 పరుగులతో గెలిపించింది అతనే. అటువంటి కుర్రాడు బ్రాడ్‌ఫర్డ్‌లోనో, లెస్టర్‌లోనో పుట్టి ఉంటే అతణ్ణి ఎవరైనా గమనించేవారా? అకాడమీల కంటికి ఆనని కుర్రాళ్ళ కోసం బర్మింగ్‌హామ్‌లో మొదలయిన సౌత్ ఏషియన్ క్రికెట్ అకాడమీ నుంచి ఇప్పటికే కొందరికి కౌంటీ కాంట్రాక్టులు వచ్చాయి. ప్రతిభ ఉంది, వెతికితే దొరుకుతుంది అనటానికి అదే రుజువు.

మనం చెయ్యగలిగింది కూడా కొంత ఉంది. మన జట్లు మనవాళ్ళతోనే టోర్నమెంట్లు ఆడుకుని ఇంటికి పోతే కౌంటీ కంట పడవు. ఊరి క్లబ్బులో చేరండి. అంపైరింగు, కోచింగు పరీక్షలు రాయండి. కమిటీలో కూర్చోండి. పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని, లెదర్ బాల్ క్రికెట్‌కి పంపండి. యజమానుల కుర్చీల దాకా తెలుగువాళ్ళు వెళ్ళారు. ఇక మైదానంలోకి వెళ్ళే దారి వెడల్పు కావాలి.