వేటతుపాకి మీట బరువు

తుపాకిలోని మిక్కిలి చిన్న భాగములలో మీట ఒకటి. వ్రేలి కొన ఆనుటకు చాలినంత ఉక్కుముక్క అది. గొట్టమును గూర్చియు, తూటాను గూర్చియు, గుండు వేగమును గూర్చియు పుటలకొలది వ్రాసినవారు సైతము మీట దగ్గఱకు వచ్చునప్పటికి నాలుగు మాటలతో సరిపెట్టుట కలదు. కాని పెట్టిన గుఱి తప్పుటకును, గుఱి పెట్టని మనుష్యునకు గుండు తగులుటకును ఈ చిన్న ముక్కయే కారణము కాగలదు. ఎంత బరువుతో లాగినప్పుడు తుపాకి పేలవలెను? ప్రశ్న చూచుటకు స్వల్పమైనది. దానికి సమాధానము వెదకుటలో కొన్ని శతాబ్దముల అనుభవమును, కొందఱి ప్రాణములును వ్యయమైనవి. ఆ చరిత్రను శ్రోతలకు సంగ్రహముగా విన్నవించుట ఈ ప్రసంగము ఉద్దేశము.

మీట బరువు అనగా ఆ ఉక్కుముక్క తూకము కాదు. దానిని లాగుటకు వ్రేలు ఉపయోగింపవలసిన బలము. దానిని కొలుచు పద్ధతి సులభమైనది. తూటా లేని తుపాకిని గొట్టము పైకుండునట్లు నిలువుగా పట్టుకొని, మీటకు కొక్కెముతో ఒక తూకపురాయిని తగిలించి, మెల్లగా పైకెత్తుదురు. రాయి నేలను విడిచి గాలిలో వ్రేలాడినను లోపలి యంత్రము టక్కుమని జాఱకున్నచో, మీట బరువు ఆ రాయి తూకమునకు తక్కువ కాదన్నమాట. తుపాకి పోటీలలో నేటికిని ఇట్లే పరీక్షించుచున్నారు. ఈ బరువును పౌనులలో చెప్పుట వాడుక. ఒక పౌను సుమారు 454 గ్రాములు.

ఇక లోపలి సంగతి. తూటా వెనుక భాగమును పొడుచు సూదిని బలమైన స్ప్రింగు ముందుకు నెట్టుచుండును. దానిని నిలిపి యుంచునది ‘సియర్’ అనబడు చిన్న ఉక్కు మెట్టు. మీటను లాగినచో ఆ మెట్టు క్రింది ఆధారము తొలగిపోయి సూది దూకును. కావున మీట బరువు మూడు విషయములపై ఆధారపడి యున్నది: స్ప్రింగుల బలము, ఉక్కు అంచులు ఒకదానిపై నొకటి ఎంతమేర ఆని యున్నవనునది, ఆ అంచుల నునుపును వాలును. స్ప్రింగును సడలించియు బరువు తగ్గింపవచ్చును. అంచుల ఆనికను వెండ్రుకవాసి మిగులునట్లు తగ్గించియు బరువు తగ్గింపవచ్చును. వ్రేలికి రెండును ఒకే విధముగా తోచును. కాని రెండవ తుపాకి రాతిమీద జాఱిపడిన నాడు భేదము తెలియును.

మీట తుపాకికంటె ప్రాచీనమైనది. చైనాలో షియాన్ నగర సమీపమున, క్రీస్తుకు పూర్వము 210లో మరణించిన చిన్ చక్రవర్తి సమాధి చెంత, 1974లో మట్టి సైనికుల విగ్రహములు బయల్పడినవి. అచ్చటనే యంత్రధనుస్సుల కంచు మీటలును దొఱకినవి. బిగించిన అల్లెత్రాటి బలమునంతయు ఆపి, ఒక్క వ్రేలి కదలికతో విడిచిపెట్టు ఉపాయము ఆనాటికే మనుష్యునకు తెలిసినది. ఐరోపాలో తొలినాటి తుపాకులకు, యంత్రధనుస్సునకు వలెనే, అడుగున పొడవైన కడ్డీ యుండెడిది. దానిని నొక్కినప్పుడు వెలుగుచున్న వత్తి వంగి మందును ముట్టించెడిది. ఆ తుపాకి నిదానముగా పేలునది, గుఱియు అంతంతమాత్రమే. కావున మీట బరువును గూర్చి విచారించిన వారు లేరు.

గొట్టము లోపల మెలికల గాడులు చెక్కి గుండును తిరుగుచు పోవునట్లు చేసిన రైఫిలు వచ్చిన పిదప పరిస్థితి మాఱినది. గుఱి సూక్ష్మమైనకొలది చేతిలోని వణకు పెద్ద దోషముగా కనబడసాగెను. ఎనిమిది పౌనుల తుపాకిని పట్టుకొని ఆఱు పౌనుల బలముతో మీటను లాగువాడు, తెలియకయే తుపాకిని ప్రక్కకు లాగుచున్నాడు. ఈ ఇబ్బందికి జర్మను దేశముల పనివారు జంటమీటల యేర్పాటును కనిపెట్టిరి. వెనుక మీటను లాగినచో లోపల ఒక చిన్న స్ప్రింగు బిగిసికొనును. ఆ తరువాత ముందు మీటను తాకినంతనే తుపాకి పేలును. జర్మనీ నుండి అమెరికాలోని పెన్సిల్వేనియాకు తరలిపోయిన పనివారు పదునెనిమిదవ శతాబ్దమున చేసిన పొడవైన వేటరైఫిళ్లలోను ఈ జంటమీటలు తఱచుగా కనబడును.

ఈ ఉపాయము గుఱికి మేలు చేసినది, వేటగానికి క్రొత్త అపాయమును తెచ్చిపెట్టినది. బిగించిన జంటమీటతో పొదలలో ఒక్క అడుగు వేయుట ప్రమాదకరము. ముల్లు తాకినను చాలును. అందువలననే జర్మనీలో వేటకు సంబంధించిన ప్రమాదనివారణ నియమములు ఈ విషయమును స్పష్టముగా నిర్దేశించినవి: కాల్చుటకు వెనువెంటనే ముందు తప్ప మీటను బిగింపరాదు, కాల్చనిచో తత్క్షణమే సేఫ్టీ గడియను వేసి ఆ బిగువును విడిపింపవలెను. తేలిక మీట నిషిద్ధము కాలేదు. అది తేలికగా నుండు కాలము కొన్ని క్షణములకు పరిమితమైనది.

సైన్యముల వారు వేఱొక మార్గము త్రొక్కిరి. అలసిన సిపాయి, చలికి కొంకర్లు పోయిన వ్రేళ్లు, చీకటిలో గుంపుగా పరుగు — వీరికి తాకిన పేలు తుపాకి ఈయదగదు. మన పోలీసుల చేతులలో అనేక దశాబ్దములు కనబడిన ‘త్రీ నాట్ త్రీ’ లీ ఎన్‌ఫీల్డు రైఫిలు మీట రెండు అంచెలుగా కదలునది. మొదటి అంచెకు 3 నుండి 4 పౌనులు, రెండవ అంచెకు 5 నుండి 6 పౌనులు నియమిత బరువు. ఇందులో గొప్ప యుక్తి కలదు. తుపాకి భుజమున నుండగా లోపలి అంచులు బాగుగా లోతుగా ఆని యుండును, క్రిందపడినను జాఱవు. గుఱిచూచి మొదటి అంచెను లాగునప్పుడు ఆ లోతు తగ్గి, వ్రేలికి ఒక గోడ తగిలినట్లు తెలియును. ఆ గోడను దాటించుటయే కాల్చుట. పేలుటకు ముందు వ్రేలికి ఒక హెచ్చరిక అందుననుట ఇందలి విశేషము.

మన దేశమున పెద్ద మృగములను వేటాడిన వారికి ఈ ప్రశ్న మఱియొక రూపమున ఎదురైనది. రెండు గొట్టముల భారీ రైఫిలులో మొదటి గొట్టము ప్రేలిన తాకిడికే రెండవది కూడ ప్రేలినచో, వేటగాడు వెల్లకిల పడుటయే కాక, గాయపడిన మృగము ఎదుట ఒట్టి తుపాకితో నిలిచిపోవును. కావున బ్రిటిషు నిర్మాతలు రెండవ గొట్టపు మీటను మొదటిదానికంటె కొంచెము బరువుగా నుంచుట ఆచారముగా పెట్టుకొనిరి. తేలికతనము సుఖమే, కాని ఆ సుఖమునకు హద్దు తుపాకి యొక్క సొంత తాకిడియే నిర్ణయించినది.

కుమావూన్ కొండలలో చంపావత్ నరభక్షక వ్యాఘ్రమును 1907లో చంపినందుకు జిమ్ కార్బెట్‌కు రిగ్బీ సంస్థవారి .275 రైఫిలు బహుమానముగా లభించినది. 1930 ఏప్రిల్ 11వ తేదీన, ఎడమచేత రెండు పక్షిగ్రుడ్లను పట్టుకొని నడచుచు, అతడు ఎనిమిది అడుగుల దూరమున చౌగఢ్ ఆడుపులికి ఎదురుపడెను. తుపాకిని కుడిచేత నొంటిగా, పులి కనిపెట్టనంత మెల్లగా త్రిప్పి, గొట్టము దాని వైపునకు వచ్చిన పిదపనే మీటను నొక్కెను. పేలవలసిన క్షణమునకు ముందు పేలినచో ఈ కథను చెప్పుటకు కార్బెట్ మిగిలెడివాడు కాడు. ఆనాటి చిత్తూరు జిల్లా చామల లోయలో నరభక్షకమును వేటాడిన వృత్తాంతమును 1954 నాటి తన గ్రంథమున చెప్పిన కెన్నెత్ ఆండర్సన్ వాడినది .405 వించెస్టరు. ఆ తుపాకి గుఱ్ఱము వెలుపల కనబడుచుండును. గుఱ్ఱమును సగము దించి యుంచినచో, దానిని మరల బొటనవ్రేలితో పూర్తిగా వెనుకకు లాగువఱకు మీట తుపాకిని పేల్చదు. అచ్చట భద్రత మీట బరువునందు మాత్రమే లేదు. బొటనవ్రేలునందు కూడ ఉన్నది.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప అమెరికాలో వేట లక్షలాదిమంది వినోదమైనది. సైనిక రైఫిలు మీట యొక్క పొడవైన లాగుడు వారికి నచ్చలేదు. గాజుకడ్డీ విఱిగినట్లు ఒక్కమాటుగా, తేలికగా పేలు మీట కావలెనని కొనుగోలుదారులు కోరిరి. రెమింగ్టన్ సంస్థ ఇంజనీరు మైక్ వాకర్ అట్టి మీటను కల్పించెను. అది 1948లో ఆ సంస్థ 721వ నమూనా రైఫిలుతోను, 1962 నుండి మిక్కిలి ప్రసిద్ధమైన 700వ నమూనాతోను వెలువడినది. మీటకును సియర్‌కును నడుమ ఒక చిన్న పలుకను, మీటకు గట్టిగా బిగింపక, స్ప్రింగు ఒత్తిడితో ఆనించి యుంచుట దాని ప్రత్యేకత. కాల్చినప్పుడు ఆ పలుక కదలి మరల తన చోటునకు రావలెను. మురికియో, గడ్డకట్టిన నూనెయో అడ్డుపడి అది పూర్తిగా రాకున్నచో, సేఫ్టీ గడియను తీసినంతనే, మీటను తాకకయే, తుపాకి ప్రేలునని అభియోగము. గాయములు, మరణములు, వ్యాజ్యములు దశాబ్దములు సాగినవి. వాకరే 1948లో ఒక మార్పును సూచించెనని తెలుపు పత్రములు 2010లో ఒక అమెరికా టెలివిజను కార్యక్రమమున వెల్లడి యైనవి. రూపకల్పనలో దోషమున్నదని సంస్థ ఎన్నడును అంగీకరింపలేదు. తుదకు సుమారు 75 లక్షల తుపాకులకు సంబంధించిన రాజీ ఒప్పందమును 2017లో న్యాయస్థానము ఆమోదించినది. దాని ప్రకారము ఎక్కువ తుపాకులకు క్రొత్త మీటలు అమర్చుటకు సంస్థ ఒప్పుకొనెను.

ఈ ఉదంతమున గమనింపదగిన మఱియొక సంగతి కలదు. ఆ పాత మీటకు మూడు మరలు ఉండెడివి: ఒకటి బరువునకు, ఒకటి అంచుల ఆనికకు, ఒకటి పేలిన తరువాతి కదలికకు. వానిని కార్ఖానాలోనే లక్కవంటి పూతతో ముద్రించి పంపెడివారు. ముద్రను గీకి ఆ మరలను ఇంటివద్ద త్రిప్పి, మీటను తేలిక చేసికొని సంతోషించిన యజమానులకు కొఱత లేదు. తాను త్రిప్పినది స్ప్రింగు మరయో, ఆనిక మరయో ఎఱుగనివాడు, ఇదివఱకు చెప్పిన రెండవ మార్గమున, అనగా వెండ్రుకవాసి ఆనికతో, అడవికి బయలుదేఱుచుండెను.

ఇట్టి అనుభవములనుండియే పరీక్షలు పుట్టినవి. అమెరికా నిర్మాతలు స్వచ్ఛందముగా ఏర్పఱచుకొన్న ప్రమాణములలో, మందులేక కేవలము పేలుడు టోపీ గల తూటాను ఉంచిన తుపాకిని 4 అడుగుల ఎత్తునుండి రబ్బరు చాపపై పలు విధములుగా జాఱవిడుచుట ఒకటి. 2002లో శావేజ్ సంస్థ ఒక క్రొత్త మీటను ప్రకటించెను. మీట నడుమ పలుచని ఉక్కు రెక్క యొకటి ఉండును. వ్రేలు ఆ రెక్కను నొక్కకుండగనే సియర్ జాఱినచో, ఆ రెక్క దానిని మధ్యలోనే పట్టి ఆపును. బరువును ఒకటిన్నర పౌను నుండి 6 పౌనుల వఱకు యజమానియే మార్చుకొనవచ్చును. తేలికతనమును భద్రతనుండి వేఱుచేయుటకు చేసిన ప్రయత్నములలో ఇది ముఖ్యమైనది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. అంతర్జాతీయ పోటీలలో 300 మీటర్ల స్టాండర్డు రైఫిలు మీట 1500 గ్రాములకు, అనగా ఇంచుమించు మూడుంబావు పౌనులకు తగ్గరాదు. అమెరికాలో సైనిక తరహా రైఫిళ్ల పోటీలకు నాలుగున్నర పౌనులు కనీసము. ఫ్రీ రైఫిలు పోటీలకు అసలు కనీసమే లేదు. అయితే పోటీదారుడు చాపపై పరుండి, ఆజ్ఞ యైన పిదపనే తూటా నింపును. గొట్టములన్నియు ఒకే వైపునకు చూచుచుండును. వేటగాడు కాలువలు దాటును, కొండలెక్కును, చేతికి తొడుగులు వేసికొనును. అతని ముందు అడుగుజాడలు చూచు తోడివాడు నడచుచుండును. పోటీదారునకు యుక్తమైన బరువు అతనికి యుక్తము కాదు. సాధారణ వేటరైఫిలునకు 3 నుండి 4 పౌనులు తగునని అనుభవజ్ఞులైన తుపాకి పనివారిలో ఎక్కువమంది చెప్పుమాట. చలిప్రదేశములలో పై అంకె వైపునకు మొగ్గుట మేలు. తాను ఎంత తేలిక మీటతో బాగుగా కాల్చగలనని యోచించుట కంటె, మొద్దుబాఱిన తన వ్రేలికి పేలుటకు ముందుగా ఎంత బరువు తెలియునని యోచించుట ఉత్తమము. ఆ బరువును స్ప్రింగు వలననే సాధింపవలెను గాని అంచుల ఆనికను కోసి సాధింపరాదు. ఆ పని నేర్చిన పనివాని చేతనే చేయింపవలెను.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను వినోదముగా ఉండనీయలేదు. మనుష్యులకు ప్రాణాపాయము కలిగించు మృగము విషయమున, అధికారి అనుమతితో మాత్రమే తుపాకి అడవిలోనికి పోవును. అట్లు పోవు తుపాకి చుట్టును గ్రామస్థులు గుమిగూడి యుందురు. కావున మీట బరువు విషయమున శ్రద్ధ తగ్గుటకు మాఱుగా హెచ్చవలసియే యున్నది. ఏ మీటయు, ఏ గడియయు పూర్తిగా నమ్మదగినవి కావని ఈ చరిత్ర చెప్పుచున్నది. గొట్టమును మనుష్యుల వైపునకు త్రిప్పకుండుట, గుఱి కుదురువఱకు వ్రేలిని మీట వెలుపల నుంచుట, ఇంటికి చేరకమునుపే తూటాను తీసివేయుట — ఈ మూడును పాటించినవాని చేత మూడు పౌనుల మీట చాలినంత బరువైనది. వీనిని పాటింపనివాని చేత పది పౌనుల మీటయు తేలికయే.