గొళ్ళెం తీసిన చేతులు

మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. ఒక రాత్రి అన్నం తింటూ, "ఇంకో ఏడాది కోచింగ్ నా వల్ల కాదమ్మా. బీఎస్సీ నర్సింగ్‌లో చేరతాను. ఆ తర్వాత సైకియాట్రిక్ నర్సింగ్ చేస్తాను" అంది. ఊరికే అన్న మాట కాదు, చాలా రోజులుగా ఆలోచించుకున్నట్టే ఉంది.

మా అత్తగారు చెయ్యి కంచంలోనే ఆపేసి, "నర్సా? అదీ పిచ్చాసుపత్రిలోనా? రేపు సంబంధాలు ఎట్లా వస్తాయే?" అన్నారు. మావారు తల ఎత్తలేదు. నేనేమన్నానో తెలుసా? "ముందు తిను, తర్వాత చూద్దాం" అన్నాను. పిల్ల నా వైపు ఒకసారి చూసి లేచి చెయ్యి కడుక్కుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే మా ఇంట్లో ఆ ఉద్యోగం విలువ తెలియాల్సిన మనిషి ఎవరైనా ఉంటే, అది నేనే.

మా పుట్టిల్లు తెనాలి దగ్గర పల్లెటూరు. మా నాన్నగారి చిన్న చెల్లెలికి పంతొమ్మిదో ఏట జబ్బు చేసింది. గోడతో మాట్లాడేది, స్నానం చేయనని మొండికేసేది, అర్ధరాత్రి వీధిలోకి వెళ్ళిపోయేది. తాయెత్తులు కట్టారు, భూతవైద్యులను పిలిచారు. ఏదీ పని చేయక, చివరికి వెనక గది ఇచ్చి బయటి నుంచి గొళ్ళెం పెట్టారు. అన్నం పెట్టడానికి మా నాయనమ్మ తీసేది, మళ్ళీ వేసేది. నా చిన్నతనంలో ఆ గొళ్ళెం చప్పుడు వింటే భయం వేసేది. భయపడాల్సింది చిన్నత్తను చూసి కాదు, ఆ చప్పుడును చూసే అని ఇప్పుడు అనిపిస్తుంది.

1986లో ఎవరో చెబితే మా నాన్నగారు ఆమెను రాయవేలూరు తీసుకెళ్ళారు. నాయనమ్మ కూడా వెళ్ళింది. రెండు నెలల తర్వాత కాట్పాడిలో రైలెక్కి ఇద్దరూ తిరిగొచ్చారు. చిన్నత్త పూర్తిగా మామూలు మనిషి కాలేదు, కానీ వెనక గదికి మళ్ళీ గొళ్ళెం పడలేదు. "అక్కడ ఒక మళయాళం సిస్టరు నేర్పింది" అనేది నాయనమ్మ. ఆ సిస్టరు పేరు మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

ఈ నెల రోజుల్లో పని అయ్యాక కూర్చుని, ఆ సిస్టరు లాంటి వాళ్ళ చరిత్ర ఎక్కడి నుంచి మొదలైందో చదివాను. చదివింది మీతో పంచుకోవాలనిపించింది.

మానసిక రోగులకు సంకెళ్ళు విప్పించిన మహానుభావుడు అనగానే పుస్తకాల్లో కనిపించే పేరు ఫ్రాన్సు దేశపు డాక్టర్ ఫిలిప్ పినెల్. 1876లో వేసిన ఒక పెద్ద చిత్రపటం ఉంది. అందులో పినెల్ గారు దర్జాగా నిలబడి ఉంటే, ఒక అమ్మాయి కట్లను ఇంకెవరో విప్పుతుంటారు. నాకు ఆ విప్పే మనిషి మీదే దృష్టి పడింది.

పారిస్ దగ్గర బిసెత్ర్ అనే ఆసుపత్రిలో మగ రోగుల సంకెళ్ళు 1797లో తీయించింది జాన్ బాప్టిస్ట్ పుస్సాన్ అనే వార్డు పర్యవేక్షకుడు. ఆయన డాక్టరు కాదు, తోళ్ళు పదును పెట్టే వృత్తివాడు. గండమాల వ్యాధితో అదే ఆసుపత్రికి రోగిగా వచ్చి, నయమయ్యాక అక్కడే ఉండిపోయాడు. రోగులను కొట్టకూడదని కట్టడి చేశాడు. నయమైన రోగులనే పనివాళ్ళుగా పెట్టుకున్నాడు, వాళ్ళకైతే ఆ బాధ తెలుసు కదా అని. ఆయన భార్య మార్గరీత్ కూడా ఆయనతో పాటు ఆ వార్డుల్లోనే పని చేసింది. నిజం చెప్పాలంటే పినెల్ తన రాతల్లో ఈ దంపతుల నేర్పును మెచ్చుకున్నాడు. 1802లో తాను పనిచేస్తున్న ఆడవాళ్ళ ఆసుపత్రికి పుస్సాన్‌ను పిలిపించుకున్నాడు కూడా. మరచిపోయింది డాక్టరు కాదు, తర్వాతి లోకం.

ఇందులో ఆశ్చర్యమేముంది? డాక్టరు వచ్చి చూసి వెళతాడు. రాత్రి పన్నెండు గంటలకు రోగి లేచి అరిస్తే పక్కన ఉండేది వార్డు మనిషే. గొలుసు వేయాలో మాటతో ఆపాలో ఆ క్షణంలో తేల్చేది ఆ చేతులే.

అలాంటి చేతులకు చదువు కావాలని లోకానికి తోచడానికి ఇంకో ఎనభై ఏళ్ళకు పైగా పట్టింది. అమెరికాలో మెక్‌లీన్ అనే మానసిక ఆసుపత్రిలో 1882లో నర్సుల శిక్షణాలయం పెట్టారు. ఆ దేశంలో 1873లో నర్సు శిక్షణ పూర్తి చేసుకున్న తొలి మహిళ లిండా రిచర్డ్స్, తర్వాతి రోజుల్లో మానసిక ఆసుపత్రులలో ఆ శిక్షణ నిలదొక్కుకోవడానికి చాలా ఏళ్ళు పనిచేసింది. ఒళ్ళు జబ్బు చేసినవాళ్ళకు దొరికే సేవ మనసు జబ్బు చేసినవాళ్ళకు ఎందుకు దొరకకూడదన్నదే ఆమె పట్టుదల.

ఇక మన దగ్గరి సంగతి. ఆంగ్లేయుల కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా 1871లో వాల్తేరులో మానసిక రోగుల ఆశ్రమం పెట్టారు. ఇప్పటికీ కోస్తాలో ఎవరైనా తిక్కగా మాట్లాడితే "వైజాగ్ పంపాలి" అంటాం. హైదరాబాద్ వైపు "ఎర్రగడ్డ" అంటారు. మనుషులకు వైద్యం చేసే చోటును తిట్టుగా మార్చుకున్నాం. దానికి కారణం లేకపోలేదు. 1912 నాటి చట్టం పేరులోనే పిచ్చి అన్న మాట ఉంది. ఆ రోజుల్లో ఆ ఆసుపత్రులు వైద్యం కంటే కాపలాకే ఎక్కువ పనికొచ్చేవి. పంపడమే కానీ తిరిగి రావడం తక్కువ.

స్వాతంత్ర్యానికి ముందు ఏడాది, 1946లో, భోర్ కమిటీ దేశంలోని ఆరోగ్య పరిస్థితి మీద నివేదిక ఇచ్చింది. ఇంత పెద్ద దేశంలో నర్సులు సుమారు 7,000 మంది, అంటే 43,000 మందికి ఒకరు! మానసిక ఆసుపత్రుల పడకలు దేశమంతా కలిపి 10,000 చిల్లర. అదే ఏడాది ఢిల్లీలోనూ, రాయవేలూరులోనూ నర్సింగ్‌లో డిగ్రీ కోర్సులు మొదలయ్యాయి. 1954లో బెంగుళూరులో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడింది. ఇప్పటి నిమ్హాన్స్‌కు మూలం అదే. డాక్టర్లతో పాటు నర్సులకూ మానసిక వైద్యంలో ప్రత్యేక శిక్షణ ఇవ్వడం అక్కడ మొదలైంది.

కానీ శిక్షణ పొందిన నలుగురు వచ్చేలోపు వార్డుల్లో నాలుగు వందల మంది ఉంటే ఏం చేస్తారు? ఇక్కడే మన దేశం ఒక కొత్త దారి తొక్కింది. 1950ల్లో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రి పెద్ద డాక్టర్ విద్యాసాగర్, ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి, రోగుల కుటుంబాలను వచ్చి వాళ్ళతో పాటు ఉండమన్నారు. అప్పటిదాకా రోగిని గేటు దగ్గర వదిలి వెళ్ళిపోవడమే అలవాటు. గుడారాల్లో ఉన్న తల్లులు, అన్నలు జబ్బును దగ్గర నుంచి చూశారు. మందు పని చేయడం చూశారు. ఇది దయ్యం కాదు, శాపం కాదు అని వాళ్ళ కళ్ళతో వాళ్ళే తెలుసుకున్నారు. రోగులు త్వరగా కోలుకుని ఇళ్ళకు వెళ్ళడం మొదలైంది.

రాయవేలూరులో క్రైస్తవ వైద్య కళాశాల వారు 1957లో మానసిక ఆరోగ్య కేంద్రాన్ని ప్రారంభించారు. కెనడా నుంచి వచ్చిన డాక్టర్ ఫ్లారెన్స్ నికొల్స్ దానికి ఆద్యురాలు. అక్కడా అదే పద్ధతి, రోగితో పాటు ఇంటి మనిషి ఉండాలి. మా నాయనమ్మ ముప్ఫై ఏళ్ళ తర్వాత వెళ్ళి కూర్చున్న చోటు అదే. ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మా ఇంటి గొళ్ళెం ఊడటానికి వెనక ఇంత చరిత్ర ఉందా అని!

ఆ సిస్టరు నాయనమ్మకు ఏం నేర్పింది? వచ్చీరాని తెలుగులో మూడు నాలుగు మాటలు. గోడలో ఎవరో ఉన్నారంటే "లేరు" అని వాదించొద్దు, "ఉన్నారు" అని ఒప్పుకోవద్దు, "నీకు భయంగా ఉందా?" అని అడుగు. మాత్ర పెరుగన్నంలో దాచి పెట్టొద్దు, చేతికిచ్చి ఎదురుగా నిలబడు. అది తెలిసిన రోజు నీ చేతి అన్నం కూడా నమ్మదు. రోజుకు ఒక చిన్న పని అప్పగించు, బాగా చేసినా చేయకపోయినా సరే. నాయనమ్మ ఆమెకు చిక్కుడుకాయల ఈనెలు తీసే పని ఇచ్చింది. మొదట్లో సగం కాయలు కింద పారేసేది. రెండేళ్ళు గడిచేసరికి ఇంటిల్లిపాదికీ కూర తరిగి పెట్టేది. చిన్నప్పుడు ఇదంతా నాయనమ్మ ప్రేమ అనుకున్నాను. ప్రేమ జబ్బుకు ముందూ ఉంది, గొళ్ళెం వేసిన రోజూ ఉంది. వేలూరు నుంచి ఆమె తెచ్చుకున్నది విద్య.

ఆ విద్య అందని చోట ఏమవుతుందో 2001 ఆగస్టు 6న దేశమంతా చూసింది. తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాను నమ్ముకుని వచ్చిన మానసిక రోగులను ఉంచిన ఒక షెడ్డుకు తెల్లవారుజామున నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండటంతో పారిపోలేక 28 మంది చనిపోయారు. పారిస్‌లో సంకెళ్ళు విప్పిన రెండు వందల నాలుగేళ్ళకు జరిగిన సంగతి ఇది. వాళ్ళను అక్కడ వదిలిన తల్లిదండ్రులు రాక్షసులు కారు. వాళ్ళకు ఏ సిస్టరూ ఎదురుపడలేదు, అంతే.

ఆ తర్వాత చట్టాలు మారాయి. మానసిక అనారోగ్యాన్ని వైకల్యాల్లో ఒకటిగా 1995 చట్టమే గుర్తించింది. 2016 చట్టంలో వైకల్యాల జాబితా 7 నుంచి 21కి పెరిగింది. బుద్ధిమాంద్యం వేరు, మానసిక అనారోగ్యం వేరు అన్న సంగతి మనలో చాలామందికి తెలియదు, చట్టంలో మాత్రం స్పష్టంగా ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, రోగిని ఏ రూపంలోనూ గొలుసుతో కట్టకూడదంది. మానసిక ఆరోగ్య నర్సు అంటే ఎవరో కూడా అందులో నిర్వచించారు. 2022 అక్టోబరు నుంచి టెలి మానస్ అని 14416 నంబరు ఉంది. ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా మాట్లాడతారు. అవసరం ఉన్నా లేకపోయినా రాసి పెట్టుకోండి.

పిల్లల విషయంలోనూ ఇదే దారి. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం 1984లో సికింద్రాబాదులో జాతీయ సంస్థ వచ్చింది. దూరం నుంచి వచ్చే తల్లిదండ్రులు పిల్లలతో ఉండి నేర్చుకోవడానికి అక్కడ కుటీరాలున్నాయి. బొత్తాం పెట్టుకోవడం, ముద్ద కలుపుకోవడం, అన్నీ చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి నేర్పుతారు. ఇలాంటి చోట్ల నర్సులతో పాటు ప్రత్యేక ఉపాధ్యాయులు, మనస్తత్వ నిపుణులు, సోషల్ వర్కర్లు, మాట నేర్పే థెరపిస్టులు కలిసి పనిచేస్తారు. మన పిల్లలకు ఇన్ని దారులున్నాయి, మనకు కనిపించేవి ఇంజనీరు, డాక్టరు రెండే.

ఇప్పుడు నాయనమ్మ గురించి నేనెప్పుడూ చెప్పని మాట ఒకటి చెప్పాలి. వేలూరు నుంచి వచ్చాక పదమూడేళ్ళు ఆమె ఒక్క పెళ్ళికి కూడా వెళ్ళి రాత్రి ఉండలేదు. నర్సుకైతే ఎనిమిది గంటల తర్వాత ఇంకో నర్సు వస్తుంది, నాయనమ్మకు రాలేదు. 1999లో తుంటి ఎముక విరిగి మంచాన పడ్డప్పుడు ఆ పని మా అమ్మ మీద పడింది. జీతం లేదు, సెలవు లేదు, దానికి ఒక పేరు కూడా లేదు. ఆడవాళ్ళు ఇంట్లో ఊరికే చేసే పని కాబట్టి, అదే పని చదువుకుని చేసేవాళ్ళన్నా మనకు చులకనే. పరాయి ఒళ్ళు తాకుతారని, రాత్రి డ్యూటీలని, మనింటి ఆడపిల్లలు చేసే పని కాదని అంటూ వచ్చాం. మన కష్టంలో మాత్రం కేరళ నుంచి ఎవరింటి ఆడపిల్లో వచ్చి ఆదుకోవాలి.

ఇదంతా మొన్న మధ్యాహ్నం మా అత్తగారికి చెప్పాను. చిన్నత్త సంగతి ఇన్నేళ్ళలో ఆవిడకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. పెళ్ళినాటికి మా పుట్టింటివాళ్ళు దాచారు, నేనూ దాచాను. సంబంధాలు ఎట్లా వస్తాయన్న భయం అప్పుడూ అదే కదా! ఆవిడ అంతా విని చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, వాళ్ళ అక్క కొడుకు ఒకడు ఇరవై ఏళ్ళ కిందట ఇల్లు వదిలి వెళ్ళిపోయాడని, వాడు కూడా రాత్రుళ్ళు గోడతో మాట్లాడేవాడని చెప్పారు. ఆ మాట నాకు చెప్పడం ఆవిడకూ అదే మొదటిసారి.

సోమవారం కౌన్సెలింగు. మావారు సెలవు పెట్టారు. సర్టిఫికెట్లన్నీ ఫైలులో సర్దుతుంటే అత్తగారు వచ్చి పక్కన కూర్చుని, "నైట్ డ్యూటీ అంటే తెల్లవార్లూ మేలుకోవాలిగా, మధ్యలో ఏం తింటుంది? సున్నుండలు చేసి పంపుదామా?" అన్నారు.

మినుములు నిన్ననే తెచ్చాను.