విపత్తు ప్రణాళిక పంచాయతీకీ తప్పనిసరే

కర్నూలు, కడప: చినుకు కోసం ఆకాశంకేసి చూసే సీమకు వరద ప్రణాళిక ఎందుకన్న భావన చాలాకాలం ఉండేది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలును ముంచెత్తడంతో ఆ భ్రమ తొలగింది. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి రాజంపేట మండలంలో పులపత్తూరు, మందపల్లి తదితర గ్రామాలను వరద ఊడ్చివేసింది. పలువురు నిద్రలేచేలోగానే నీట చిక్కుకున్నారు. ఈ రెండు ఘటనలూ విపత్తు నిర్వహణ చట్టం-2005 వచ్చిన తరువాత జరిగినవే.

ఈ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరు అధ్యక్షుడు, జిల్లా పరిషత్ అధ్యక్షుడు సహాధ్యక్షుడు. ముప్పు ఉన్న ప్రాంతాలేవి, హెచ్చరిక ప్రజలకు ఎలా చేరాలి, ఏ శాఖ ఏ పని చేయాలి అనేవి జిల్లా ప్రణాళికలో ఉండాలి. స్థానిక సంస్థలను సంప్రదించి దానిని రూపొందించాలి, ఏటా సమీక్షించాలి (31వ సెక్షన్).

చాలామంది సర్పంచులు ఇది కలెక్టరేట్ వ్యవహారమని భావించడం కద్దు. అది సరికాదు. చట్టం నిర్వచనంలో స్థానిక సంస్థ అంటే పంచాయతీలు, పురపాలక సంఘాలు కూడా. 32వ సెక్షన్ కింద అవి సొంత ప్రణాళిక సిద్ధం చేసి, ప్రతిని జిల్లా సంస్థకు అందజేయాలి. సిబ్బందికి శిక్షణ ఇప్పించడం, సామగ్రిని ఎప్పుడూ వినియోగానికి సిద్ధంగా ఉంచడం, తమ పరిధిలోని నిర్మాణాలు నిర్దేశిత ప్రమాణాలకు లోబడి ఉండేలా చూడటం 41వ సెక్షన్ అప్పగించిన బాధ్యతలు. వాగు పోరంబోకులో లేచే ఇళ్ల సంగతి ఇక్కడే తేలాలి.

తరుణం ముంచుకొస్తే టెండర్లు లేకుండానే సామగ్రి కొనుగోలుకు జిల్లా సంస్థ అనుమతించవచ్చు (50వ సెక్షన్). అనుమతి లేకుండా విధి నుంచి తప్పుకున్న అధికారికి ఏడాది వరకు జైలు, లేదా జరిమానా విధించే వీలుంది (56వ సెక్షన్).

విపత్తు సహాయ నిధి నిబంధనల్లో కరువు, వడగళ్లు కూడా చేరి ఉన్నాయి. కనుక సీమ పంచాయతీల ప్రణాళికలో పడవల కంటే ముందు తాగునీటి ట్యాంకర్లు, పశుగ్రాసం లెక్క ఉండాలి.

నగరపాలక సంస్థలున్న నగరాలకు పట్టణ విపత్తు నిర్వహణ సంస్థలను ఏర్పాటు చేసే అధికారాన్ని 2025 సవరణ రాష్ట్రాలకు ఇచ్చింది. కర్నూలు, కడప ఈ కోవలోకే వస్తాయి.

తమ ఊరి ప్రణాళిక ప్రతిని సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా కోరవచ్చు. రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామస్థాయిలో దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి.