మంగళవారం రాని పిల్ల

1989లో మక్తల్ వైపు ఒక పల్లెలో నాకు టీచరుగా మొదటి పోస్టింగు వచ్చింది. ఏకోపాధ్యాయ పాఠశాల. ఒకటే గది, పైన రేకులు, గోడ మీదే నల్లరంగు పూసి చేసిన బోర్డు, ముప్పై ఒక్కమంది పిల్లలు. నెల చివర హాజరు పట్టీలో దినాలు కూడుతుంటే రెండో తరగతి పిల్ల వరుస దగ్గర నా కన్ను ఆగింది. సోమవారం వచ్చింది, మంగళవారం రాలేదు. బుధ, గురువారాలు వచ్చింది, శుక్రవారం రాలేదు. నాలుగు వారాలూ అదే వరస. జ్వరమైతే ఇట్లా వారం చూసుకుని రాదు కదా అనుకున్నాను.

మర్నాడు పిల్లను దగ్గరికి పిలిచి అడిగాను. "జోగుకు పోయిన టీచర్" అంది. అదేదో అందరికీ తెలిసిన పనే అన్నట్టు చెప్పింది. మెడలో పసుపుతాడు చొక్కా లోపలికి దోపి ఉంది. ఆ పిల్లకు ఏడేళ్లు.

నేను పాలమూరు (మహబూబ్‌నగర్) పట్నంలో పుట్టి పెరిగినదాన్ని. జోగిని అనే మాట విన్నానే గానీ అది పలక పట్టుకుని నా ముందు కూర్చుంటుందని ఎన్నడూ అనుకోలేదు. సాయంత్రం వాళ్లింటికి పోయాను. తల్లీతండ్రీ బొంబాయికి మట్టిపనికి పోయారు. మా పాలమూరు కూలీల బతుకే అంత, వానలు లేకపోతే ఊరు సగం ఖాళీ. పిల్ల నాయనమ్మ దగ్గర ఉంది. ముసలమ్మ చెప్పింది: "నెత్తిల జడలు గట్టినయి టీచరమ్మా. ఎల్లమ్మ అడుగుతున్నదన్నరు. మాఘ పున్నానికి పోతరాజుతోని పుస్తె కట్టిస్తిమి." అబద్ధం లేదు, దాచడం లేదు. అమ్మవారు అడిగితే ఇవ్వకపోతే ఇంటికి ముప్పు అని ఆమె నిండా నమ్మింది.

ఈ ఆచారాన్ని ఒక్కో చోట ఒక్కో పేరుతో పిలిచారు. మహబూబ్‌నగర్, నిజామాబాద్ వైపు జోగిని, అనంతపురం, కర్నూలు వైపు బసివి, చిత్తూరు వైపు మాతమ్మ. పేర్లు వేరైనా దాని నడక ఒకటే. పిల్ల దాదాపు ఎప్పుడూ దళితుల ఇంటిది. జబ్బు చేసిందనో, కరువొచ్చిందనో, ఇంట్లో మగపిల్లాడు లేక ముసలితనంలో చూసేవాళ్లు ఉండరనో, జడలు కట్టాయనో దేవుడికి విడుస్తారు. మంగళ, శుక్రవారాలు ఇల్లిల్లూ తిరిగి జోగు అడగాలి. జాతరలో ఆడాలి, పీనుగు ముందు ఆడాలి. ఈడేరాక ఊళ్లో బలమున్నవాడి వంతు మొదలవుతుంది. దేవుడి పెళ్లాం కనుక ఏ మనిషీ ఆమెకు మొగుడు కాడు, ఏ మనిషీ ఆమె బిడ్డకు తండ్రి కాడు. భక్తి అనే మాటను పక్కకు జరిపి చూస్తే, చిన్నపిల్ల మీద జరగబోయే అత్యాచారానికి ఊరు ముందుగానే ముహూర్తం పెట్టుకోవడం ఇది. ఇంతకంటే మెత్తని మాట నాకు దొరకలేదు, వెతకాలనీ లేదు.

నేను పోలీసు ఠాణాకు పోయాను. అక్కడున్నాయన "దేవుని ముచ్చట్ల మనమెందుకమ్మా" అని నీళ్లిచ్చి పంపాడు. అప్పటికి చట్టం వచ్చి ఏడాదే అయింది. ఆ సంగతి ఆయనకు తెలుసో లేదో గానీ నాకు మాత్రం తెలియదు. తెలిసి ఉంటే ఇంకోసారి పోయేదాన్ని, పైవాళ్ల దగ్గరికి పోయేదాన్ని. పోలేదు. పిల్ల ఐదో తరగతి వరకు వచ్చింది, తరువాత మానేసింది. పదమూడేళ్లకే ఎవరి పొలం దగ్గర ఉంటున్నదో ఊళ్లో అందరికీ తెలుసు. హాజరు పట్టీలో ఆ పేరు కొట్టేసిన ఎర్రగీత నా చేతిదే.

ఆ తరువాతే ఈ ఆచారం గురించి చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ సిగ్గేసింది, ధైర్యమూ వచ్చింది. ఈ పోరాటం నాకంటే చాలా పాతది. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1906లోనే జగన్మిత్ర మండలి పెట్టి దళితవాడల్లో సంస్కరణకు దిగారు. ఆయనా, అరిగె రామస్వామీ జోగిని, దానిలాంటిదే అయిన మురళి ఆచారాలు తమ ఆడపిల్లలను తినేస్తున్నాయని నిజాం రోజుల్లోనే తమ వాళ్ల మధ్య నిలబడి చెప్పారు. ఊరి పెద్దలు దేవుడి పేరు చెబితే ఎదురాడే వీలు లేని కాలమది. అటు మద్రాసులో డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి ఏళ్ల తరబడి పట్టుబట్టగా 1947లో దేవదాసీ అంకితాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. అది మద్రాసు ప్రెసిడెన్సీకి. మక్తల్, నారాయణపేట అప్పుడు నిజాం ఏలుబడిలో ఉన్నాయి. పైగా ఆనాటి చర్చంతా గుళ్లలో ఆటపాటలు నేర్చినవాళ్ల గురించే నడిచింది. గుడిమెట్టు ఎక్కనివ్వని ఇంటి పిల్లను ఊరి బయటి ఎల్లమ్మకు విడిచే మా ఆచారం ఆ చర్చలో పెద్దగా కనబడలేదు.

1980లలో నిజామాబాద్ జిల్లాలో దీన్ని కదిపినవాళ్లు హేమలతా లవణం, లవణం. ఆమె కవి జాషువా కూతురు, ఆయన నాస్తికోద్యమం నడిపిన గోరా కొడుకు. స్టూవర్టుపురంలో నేరస్థులనే ముద్ర పడిన కుటుంబాల మధ్య పనిచేసిన అనుభవంతో ఇక్కడికి వచ్చారు. వాళ్ల సంస్థ పేరు సంస్కార్. వర్నిలో జోగినుల కోసం పెట్టిన ఇంటికి చెల్లి నిలయం అని పేరు పెట్టారు. ఆ పేరు మొదటిసారి చదివినప్పుడు కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. ఊరంతటికీ ఏ వరసా కాని మనిషిని "చెల్లీ" అని పిలవడంతోనే సగం పని మొదలవుతుంది. జోగినులకు పెళ్లిళ్లు చేశారు, చదువులు చెప్పించారు, పని నేర్పించారు. ఆ కదలికల ఫలమే ఆంధ్రప్రదేశ్ దేవదాసీల అంకిత నిషేధ చట్టం, 1988.

ఆ చట్టం గురించి ఒక్క మాట చెప్పాలి. అంకితం చేసే తంతును అది నేరం చేసింది. తంతు జరిపినవాళ్లకూ, పాలుపంచుకున్నవాళ్లకూ జైలు. తల్లిదండ్రులకైతే ఇంకా ఎక్కువ, ఐదేళ్ల దాకా. మంచిదే. కానీ తరువాత ఆ పిల్లను వాడుకునేవాడి జోలికి అది పోలేదు. బొంబాయిలో మట్టి మోసే తండ్రి దోషి అయ్యాడు, పొలం ఉన్నవాడు పెద్దమనిషిగానే మిగిలాడు. పదహారేళ్లలోపు పిల్లతో సంబంధం ఆమె ఒప్పుకున్నా అత్యాచారమేనని శిక్షాస్మృతి ఆనాటికే చెబుతున్నది. జోగిని విషయంలో ఆ పేజీ తెరిచినవాళ్లను మా దిక్కు నేను చూడలేదు.

మా ఊళ్లో మార్పు ఆడవాళ్ల సంఘంతో వచ్చింది. 1993లో మహిళా సమతా సొసైటీ పని మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల్లో మొదలైంది. అప్పు ఇస్తామనలేదు, బర్రెలిస్తామనలేదు. రాత్రి పని తీరాక కూర్చుని మాట్లాడుకోమన్నారు. మొదట నీళ్లబావి గురించి, కూలి గురించి మాట్లాడారు. ఏడాది గడిచాక ఒక రాత్రి ఒకామె, తనూ జోగినియే, "మన ఇండ్లల్లనే ఎందుకు జడలు గడతయి? పటేలు బిడ్డకు ఎందుకు గట్టవు?" అంది. కందిలి వెలుగులో ఎవరూ కదల్లేదు. నాకు తెలిసి మా ఊళ్లో జోగిని ఆచారానికి మొదటి దెబ్బ ఆ ప్రశ్నే.

అప్పటి నుంచి కాపలా మొదలైంది. సంఘం ఆడవాళ్లకు గుర్తులన్నీ తెలుసు, ఎందుకంటే అవన్నీ వాళ్లు చూసి పెరిగినవే. మాఘమాసం దగ్గర పడుతుండగా ఒక ఇంట్లో చిన్నపిల్ల కొలతకు కొత్తచీర కొన్నా, ఆకుపచ్చ గాజులు తెచ్చినా, మేకపోతును బేరమాడినా, జమిడిక వాయించే ఆయనకు కబురు పోయినా సాయంత్రానికి నలుగురు ఆ ఇంటి అరుగు మీద కూర్చునేవారు. కేసు పెడతామని బెదిరింపుతో మొదలుపెట్టరు. "ఏం కష్టమొచ్చిందక్కా?" అని అడుగుతారు. జబ్బయితే దవాఖానకు తోడు పోతారు, తిండికి లేకపోతే సంఘం గింజల్లోంచి ఇస్తారు. నా వంతు హాజరు పట్టీ. ఏ పిల్ల అయినా వరుసగా రెండు మంగళవారాలు రాకపోతే ఆ కబురు అదే రోజు సంఘానికి చేరాలి.

2001 మాఘంలో ఒక సంగతి జరిగింది. మూడో తరగతి పిల్లకు జడలు కట్టాయి. ఇంట్లో తంతుకు సిద్ధమవుతున్నారు. మేం పోయేసరికి పిల్ల గడప మీద కూర్చుని ఉంది. తల వెనక జుట్టు తాడులా మెలిపడి గట్టిగా అంటుకుపోయింది, దుమ్ము, పేన్లు, ఎండిన పసుపు. "ముట్టుకుంటే అమ్మవారు సైసదు" అని అమ్మమ్మ అడ్డం నిలబడింది. ఎవరికీ చెయ్యి రాలేదు. నిజం చెప్పాలంటే నాకూ రాలేదు.

అప్పుడు వెనక నుంచి ఒకామె ముందుకొచ్చింది. పంతొమ్మిదేళ్ల మనిషి, చంకలో బిడ్డ. 1989లో నా పట్టీలో మంగళవారం రాని పిల్ల. బిడ్డను నా చేతికిచ్చి, ముసలమ్మ ముందు కూర్చుంది. "పెద్దమ్మా, నాకు గూడ గట్టినయి. మా అమ్మ బొంబాయి పోయింది. నా తల ఎవ్వరు దువ్వలే. అంతే పెద్దమ్మా, ఎవ్వరు దువ్వలే. అమ్మవారికి కోపమొస్తే నా మీదికి రానియ్యి, నేను ఆమె మనిషినే గద" అంది. ముసలమ్మ పక్కకు జరిగింది.

మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా పట్టింది. కొబ్బరినూనె పోసి నానబెట్టడం, వేళ్లతో పోగుపోగూ విడదీయడం, రానిచోట కత్తెర, చివర కుంకుడురసం, వేన్నీళ్లు. పిల్ల ఏడ్చింది, నిద్రపోయింది, మళ్లీ లేచి ఏడ్చింది. ఆఖరుకు దువ్వెన పాయ మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా దిగింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముసలమ్మ ఆ దువ్వెన తీసుకుని తానే ఇంకోసారి దువ్వి చూసుకుంది. తెల్లారి మంగళవారం. పిల్ల బడికి వచ్చింది.

మా జిల్లాలో జోగినులే ముందు నడిచిన పోరాటం చాలా ఊళ్లకు పాకింది. ఊట్కూరు హాజమ్మ తాను చిన్ననాడే జోగినిగా మారి, ఎదురు తిరిగి, జోగిని వ్యవస్థ వ్యతిరేక పోరాట సంఘటనలో ముందు నిలబడింది. గ్రేస్ నిర్మల గారి ఆశ్రయ్ సంస్థ వాళ్ల వెంట నడిచింది. జోగినులకు భూమి, పింఛను, పిల్లలకు చదువు అడిగారు. తండ్రి పేరు గడి ఖాళీగా ఉన్నా బిడ్డను బడిలో చేర్చుకోవాలని అడిగారు. ఆ గడి ఎంత బాధ పెట్టేదో బడిలో చూశాను. నాకు ముందు పనిచేసినవాళ్లు ఆ పాత పట్టీల్లో కొందరు పిల్లల తండ్రి పేరు దగ్గర "దేవుడు" అని రాసిపెట్టారు. నా మొదటి విద్యార్థిని తన బిడ్డను చేర్చడానికి వచ్చినప్పుడు ఆ గడిలో ఏం రాయమంటావని అడిగాను. "నా పేరు రాయి టీచర్. సాకేది నేను" అంది. రాశాను.

తరువాత కొత్త చట్టాలు వచ్చాయి. 2012 పోక్సో చట్టంతో పద్దెనిమిదేళ్లలోపు పిల్ల జోలికి పోయిన ఏ మగవాడైనా నేరస్థుడే, తెలిసీ పోలీసులకు చెప్పనివాళ్లకూ శిక్ష ఉంది. పిల్లల సహాయానికి ఫోను చేసే 1098 నంబరు బడి గోడ మీద పెయింటుతో రాయించాను. 2019లో నారాయణపేట జిల్లా అయింది, కలెక్టరాఫీసు దగ్గరైంది. ఆచారం మాత్రం పూర్తిగా చావలేదు. పగలు జాతరలో జరిగేది రాత్రి ఇంట్లో జరుగుతుంది, లేదా బంధువులింటికని సరిహద్దు దాటించి జరుగుతుంది. అందుకే చట్టం వచ్చింది కదా అని కాపలా మానేయలేం. ఠాణాకు పోయేసరికి పుస్తె కట్టడం అయిపోతుంది. అంతకుముందే తెలియాలంటే పక్కింటివాళ్ల కళ్లు తెరిచి ఉండాలి.

నేను రిటైరయ్యాను. మా సంఘం పద్ధతి మాత్రం మారలేదు. మాఘమాసం రాగానే ఒక ఆదివారం బడి ముందు చాపలు పరుస్తారు. నూనె సీసాలు, నానబెట్టిన కుంకుడుకాయలు, దువ్వెనలు. అమ్మలు ఊళ్లో లేని పిల్లలందరికీ ఆ రోజు తలంటుతారు. చిక్కు తీసే చేతుల్లో అందరికంటే ఓపికైనవి మంగళవారం రాని నా పిల్లవే. పక్కన ఇప్పటి టీచరమ్మ హాజరు పట్టీ పట్టుకుని, రాని పిల్లల పేర్లు చదువుతుంది. ఒక్కొక్క పేరుకూ ఎవరో ఒకరు లేచి, చెప్పులు తొడుక్కుని, ఆ ఇంటి దిక్కు నడుస్తారు.